చదరంగ ధీరుడు మీర్ సుల్తాన్ ఖాన్

కోలారు బంగారు గనుల ప్రాంతంలో పుట్టి పెరిగిన పిల్లలకు చాంపియన్ అనే మాట అక్షరాభ్యాసానికి ముందే చెవిన పడుతుంది. చాంపియన్ రీఫ్ ఇక్కడ ఒక గని పేరు. ఆ గనిని ఆనుకొని వెలసిన ఊరి పేరు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కుటుంబాలెన్నో తరతరాలుగా ఆ పేరును తమ చిరునామాలో రాసుకొన్నాయి. మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి బంగారం తీసినవారు ఆ కుటుంబాలవారు. 1880 నుండి గనుల నిర్వహణ చూసిన జాన్ టేలర్ అండ్ సన్స్ మాత్రం లండను నగరపు సంస్థ. ఆ లండను నగరానికే 1929లో మన దేశం నుండి మరొక సంపద ఓడెక్కి వెళ్ళింది. పంజాబు పల్లెటూరి నుండి వెళ్ళిన ఆ యువకుని పేరు సుల్తాన్ ఖాన్. అతనికి ఆంగ్లం రాదు. అయినా నాలుగున్నర సంవత్సరాల కాలంలో అతడు మూడు మార్లు బ్రిటిషు చదరంగ విజేతగా నిలిచాడు. ప్రపంచ విజేత పీఠాన్ని అధిష్ఠించిన వానిని సైతం ఓడించాడు. ఆ పిమ్మట ఒక్కసారిగా ఆ లోకం నుండి అదృశ్యమైనాడు.

చదరంగానికి పుట్టినిల్లు భారతదేశమని అందరూ అంగీకరిస్తారు. చతురంగ బలాల పేర ప్రారంభమైన ఈ ఆట పారశీక, అరబ్బు దేశాల మీదుగా ఐరోపాకు చేరింది. కోలారు సీమ నాడు భాగమై ఉండిన మైసూరు సంస్థానంలో, 1868లో కీర్తిశేషులైన ముమ్మడి కృష్ణరాజ ఒడయరు స్వయంగా చదరంగ రసికులు. ఒక్క గుర్రాన్ని 64 గళ్ళలోనూ ఒక్కొక్కమారు నిలుపుతూ నడిపించే చిక్కు సమస్యలను కల్పించడం వారికి ప్రీతి. అయితే ఇల్లు విడిచి వెళ్ళిన ఆట పరదేశంలో కొత్త నడతలు నేర్చుకొన్నది. మన దేశీయ పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడి మాత్రమే ముందుకు సాగుతుంది. ఐరోపా పద్ధతిలో రెండు గళ్ళు దూకవచ్చును. రాజును ఏనుగు చాటున భద్రపరచే విధానం అక్కడ వేరు, ఇక్కడ వేరు. మన ఆటలో రాజుకు ఒక్కసారి గుర్రం నడక నడిచే వెసులుబాటు ఉండేది. అవతలి గట్టు చేరిన బంటు ఏ పావుగా మారవచ్చుననే విషయంలోనూ భేదమున్నది. దేశీయ ఆట నెమ్మదిగా, ఓర్పుగా సాగుతుంది. ఆట తొలిదశలోనే శత్రువు మీద విరుచుకుపడే అవకాశం తక్కువ. సుల్తాన్ ఖాన్ ఆటతీరును అర్థం చేసుకోవాలంటే ఈ భేదం తెలిసి ఉండాలి.

ఆయన జననం ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో, నేడు పాకిస్తానులో ఉన్న సర్గోధా ప్రాంతపు మిఠా తివానాలో జరిగింది. తండ్రి మియాన్ నిజాముద్దీన్. తొమ్మిదేండ్ల ప్రాయంలో తండ్రి వద్దనే దేశీయ చదరంగం నేర్చుకొన్నారు. ఇరవయ్యొకటవ ఏటికి పంజాబులో ఆయనకు సాటి లేరనే పేరు వచ్చింది. ఆ ప్రాంతపు పెద్ద జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ తివానా ఈ యువకుని ప్రతిభను గుర్తించి తన పరివారంలో చేర్చుకొన్నారు. ఐరోపా పద్ధతి నేర్పే ఏర్పాటు చేశారు. 1928లో జరిగిన అఖిల భారత పోటీలో సుల్తాన్ ఖాన్ తొమ్మిది ఆటలలో ఎనిమిది గెలిచి, ఒకటి మాత్రమే డ్రా చేసి విజేత అయ్యారు. మరుసటి ఏడు సర్ ఉమర్ భారత వ్యవహారాల మంత్రి సలహా మండలి సభ్యులుగా లండను వెళ్ళినపుడు ఆయనను వెంట తీసుకువెళ్ళారు.

లండనులో తొలి అనుభవం ఆశాజనకంగా లేదు. అభ్యాసం కోసం ఏర్పాటు చేసిన ఒక చిన్న పోటీలో ఆయన చివరి స్థానాలలో మిగిలారు. ఐరోపా క్రీడాకారులు ఆట ప్రారంభపు ఎత్తులను తరతరాలుగా పుస్తకాలకెక్కించి, వాటిని కంఠస్థం చేసి బల్లముందు కూర్చునేవారు. ఆ పుస్తకాల భాషలు సుల్తాన్ ఖాన్‌కు తెలియవు. ఎదుటివాడు పదిహేను ఎత్తుల వరకు ఆలోచించకుండానే ఆడగలిగిన చోట ఈయన మొదటి ఎత్తు నుండి తానే ఆలోచించుకోవలసి వచ్చేది. ఆంగ్ల క్రీడాకారులు విలియం వింటర్, ఫ్రెడ్ యేట్స్ కొన్ని వారాలపాటు ఆయనకు తర్ఫీదునిచ్చారు. వారి శ్రమ వ్యర్థం కాలేదు. ఆ వేసవిలోనే రామ్స్‌గేట్‌లో జరిగిన బ్రిటిషు చాంపియన్‌షిప్‌ను సుల్తాన్ ఖాన్ గెలుచుకొన్నారు. ఐరోపా నియమాలు అలవడి నిండా మూడు నాలుగేండ్లు కూడా కాని మనిషి, ఆ సామ్రాజ్యపు రాజధాని నుండి వచ్చిన మేటి ఆటగాండ్రను దాటిపోవడం పత్రికలకు పెద్ద వింత అయింది.

ఆ ఏటి చివర స్వదేశానికి వచ్చి, 1930లో ఆయన తిరిగి ఇంగ్లండు చేరారు. బెల్జియంలోని లీజ్ నగరపు పోటీలో తార్తకోవర్‌కు తరువాతి స్థానం పొందారు. అదే సంవత్సరం హాంబర్గులో జరిగిన ఒలింపియాడ్‌లో ఇంగ్లండు జట్టుకు మొదటి బల్లమీద ఆడారు. ఇందులోని వైచిత్రిని గమనించాలి. అదే ఏట భారతదేశంలో ఉప్పు సత్యాగ్రహం సాగుతున్నది; ఇంగ్లండు జట్టు మాత్రం తన తొలి బల్లమీది భారాన్ని ఒక భారతీయునికి అప్పగించింది.

1930 చివరి దినాలలో మొదలై 1931 జనవరిలో ముగిసిన హేస్టింగ్స్ పోటీ ఆయన జీవితంలో మహోజ్జ్వల ఘట్టం. క్యూబా దేశీయుడు హోసే రౌల్ కాపాబ్లాంకా ఆ పోటీలో ఆడారు. 1921 నుండి 1927 వరకు ప్రపంచ విజేతగా వెలిగిన కాపాబ్లాంకాను ఓడించడం ఆ రోజులలో అరుదైన సంగతి. ఆయన తప్పు చేయరని, ఆట చివరిదశలో ఆయనను మించినవారు లేరని ప్రతీతి. సుల్తాన్ ఖాన్ తెల్లపావులతో ఆడారు. ఆటలో మెరుపు దాడులు లేవు, పావుల బలిదానాలు లేవు. బావిలో నుండి నీరు తోడినట్టు ఎత్తు వెంట ఎత్తుగా ఎదుటి పావులకు చోటు లేకుండా చేసుకుంటూ పోయారు. కాపాబ్లాంకా తన సొంత విద్యలోనే చిక్కుకొన్నారు. 65వ ఎత్తుకు ఆట ముగిసింది. ఆ పోటీలో యూవె ప్రథముడు, కాపాబ్లాంకా ద్వితీయుడు, సుల్తాన్ ఖాన్ తృతీయుడు. పుస్తకాల సహాయం లేకుండా, నేర్చిన నియమాలనే మరచి కొత్తవి నేర్చుకొని ఇంతటివాడైన ఈయనను అసాధారణ మేధావిగా పరిగణించక తప్పదని కాపాబ్లాంకాయే తరువాత అభిప్రాయపడ్డారు. ఓడినవాని నోట వచ్చిన మెప్పు కనుక దాని విలువ హెచ్చు.

ఆట సమయంలో ఆయన ముఖంలో ఏ భావమూ కనిపించేది కాదని సమకాలికులు చెప్పారు. గెలుస్తున్నపుడూ అదే ముఖం, ఓడుతున్నపుడూ అదే ముఖం. గంటల తరబడి కదలక కూర్చునేవారు. ఆట ప్రారంభంలో తడబడినా మధ్యదశకు వచ్చేసరికి సర్దుకొని, చివరిదశలో కొండలా నిలబడేవారు. దేశీయ ఆట నేర్పిన ఓర్పు అది. ఇంగ్లండు చలి మాత్రం ఆయనకు సరిపడలేదు. మలేరియా తరచుగా తిరగబెట్టేది. జలుబు, గొంతునొప్పి విడిచేవి కావు. మెడకు గుడ్డలు చుట్టుకొని ఆడిన సందర్భాలున్నాయి.

1931లో తార్తకోవర్‌తో పన్నెండు ఆటల పోరులో నాలుగు గెలిచి, మూడు ఓడి, ఐదు డ్రా చేసి పైచేయి సాధించారు. అదే సంవత్సరం ప్రాగ్ ఒలింపియాడ్‌లో పదిహేడు ఆటలకు ఎనిమిది గెలిచారు, ఏడు డ్రా చేశారు, రెండు మాత్రమే ఓడారు. రూబిన్‌స్టైన్, ఫ్లోర్ అక్కడ ఆయన చేతిలో ఓడిన మహామహులు. అప్పటి ప్రపంచ విజేత అలెఖిన్ డ్రాతో తృప్తిపడ్డారు. 1932లో, 1933లో మరల బ్రిటిషు విజేత అయ్యారు. నాలుగు మార్లు పోటీపడి మూడు మార్లు గెలిచారన్నమాట.

1933లో హేస్టింగ్స్‌లో జరిగిన ఆ చాంపియన్‌షిప్ గురించి మరొక ముచ్చట చెప్పుకోవాలి. అప్పుడే స్త్రీల విభాగంలో బ్రిటిషు విజేతగా నిలిచిన యువతి మిస్ ఫాతిమా. ఆమె కూడా సర్ ఉమర్ పరివారానికి చెందినదే. ఒకే ఇంటి నుండి వచ్చిన ఇద్దరు భారతీయులు, ఒకే ఏట, బ్రిటనులో పురుషుల పట్టాన్నీ స్త్రీల పట్టాన్నీ కైవసం చేసుకొన్నారు. సుల్తాన్ ఖాన్ పేరు తెలిసినవారిలోనూ ఫాతిమా పేరు విన్నవారు తక్కువ. ఆడపిల్లల విజయాలను లోకం ఎంత తొందరగా మరచిపోతుందో దీనివలన తెలుస్తుంది.

సుల్తాన్ ఖాన్ గురించి ఐరోపాలో ఎక్కువగా ప్రచారమైన కథ ఒకటున్నది. 1933లో ఫోక్‌స్టోన్ ఒలింపియాడ్ జరిగినపుడు అమెరికా జట్టును సర్ ఉమర్ విందుకు పిలిచారట. అక్కడ భోజనం వడ్డించినవాడు సుల్తాన్ ఖానేనట. చదరంగ బల్లముందు తాము తలవంచి గౌరవించే మనిషి పళ్ళెం పట్టుకొని నిలబడగా అతిథులకు ఏమి చేయాలో తోచలేదని ఆ జట్టు సభ్యుడు రూబెన్ ఫైన్ తరువాత రాశారు. ఈ కథనం ఆధారంగానే నిరక్షరాస్యుడైన సేవకుడు అనే ముద్ర ఆయనకు పడింది. పుస్తకాల మీద పుస్తకాలలో అదే కొనసాగింది. 2020లో ఆయన మనుమరాలు ఈ ముద్రను ఖండిస్తూ వ్యాసం ప్రకటించారు. ఆయన భూవసతి, మతపరమైన గౌరవం కలిగిన కుటుంబంలో పుట్టారనీ, చదవను రాయను వచ్చినవారనీ ఆమె వివరించారు. నిష్పక్షపాతంగా ఆలోచిస్తే ఆ మాటను తోసిపుచ్చడానికి వీలులేదు. ఆంగ్లం చదవలేనివానిని అసలు చదువే లేనివానిగా లెక్కించడం ఆనాటి పాలకులకు అలవాటు. ఉర్దూలో చదివినా, తెలుగులో చదివినా, కన్నడంలో చదివినా వారి లెక్కలో అది చదువు కాదు. అదే సమయంలో, ఎక్కడ ఆడాలో, ఎప్పుడు ఓడ ఎక్కాలో, ఎప్పుడు ఆట మానాలో నిర్ణయించే స్వేచ్ఛ ఆయన చేతిలో లేదన్నది కూడా కాదనలేని సత్యం. పోషకుని పనిని బట్టి ఆయన ప్రయాణాలు నడిచాయి.

1933 డిసెంబరులో సర్ ఉమర్ స్వదేశానికి మరలారు. ఆయనతోపాటే సుల్తాన్ ఖాన్ మరలారు. అప్పటికి ప్రపంచంలోని అగ్రశ్రేణి ఆటగాండ్రలో ఒకరు ఆయన; వయస్సు ముప్పై ప్రాంతం. చదరంగ క్రీడాకారుని ప్రజ్ఞ పండే వయస్సు అది. 1935లో వి. కె. ఖాడిల్కర్‌తో పది ఆటలు ఆడి, ఒక్క డ్రా తప్ప తొమ్మిదీ గెలిచారు. ఆ తరువాత అంతర్జాతీయ పోటీలలో ఆయన పేరు కనిపించదు. 1944లో సర్ ఉమర్ మరణించారు. 1947లో దేశం రెండుగా చీలింది. సుల్తాన్ ఖాన్ స్వగ్రామం పాకిస్తానులో చేరింది. ఆయన పొలం చేసుకుంటూ సంసారం గడిపారు. అయిదుగురు కుమారులు, ఆరుగురు కుమార్తెలు. తండ్రి తనకు తొమ్మిదేండ్లకే నేర్పిన ఆటను ఆయన తన పిల్లలకు నేర్పలేదు. జీవితంలో మరింత ఉపయోగపడే పని ఏదైనా చేసుకొమ్మని వారికి చెప్పేవారట. కాపాబ్లాంకాను ఓడించిన మనిషి ఆ మాట అన్నాడంటే, ఆట తనకేమి ఇచ్చి ఏమి ఇవ్వలేదో ఆయన ఎంతగా తలపోసి ఉంటారో ఊహించవచ్చును.

ఆయన ఊరిలో నిశ్శబ్దంగా ఉన్న కాలంలోనే చదరంగం ఇరు దేశాలలోనూ వ్యవస్థగా ఎదగసాగింది. భారతదేశంలో 1951లో అఖిల భారత చదరంగ సమాఖ్య ఏర్పడింది. తొలి జాతీయ చాంపియన్‌షిప్ 1955లో మన తెలుగునాట ఏలూరులో జరిగింది. రామచంద్ర సప్రే, డి. వెంకయ్య సంయుక్త విజేతలుగా నిలిచారు. జమీందారు దయ అక్కరలేకుండా, పేరు నమోదు చేసుకొని ఎవరైనా వచ్చి ఆడగల రోజులు అలా మొదలయ్యాయి. తరువాతి తరాలలో పెంటేల హరికృష్ణ 2001లో, కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్లు కాగలిగారంటే తల్లిదండ్రుల పట్టుదలతోపాటు ఆ వ్యవస్థ అండ కూడా కారణం.

గ్రాండ్‌మాస్టర్ బిరుదును అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1950లో అధికారికంగా ప్రారంభించింది. మొదటి జాబితాలో 27 మంది పేర్లు ప్రకటించారు. గతకాలపు విజయాలను పరిగణించి వృద్ధులకు సైతం అందులో చోటిచ్చారు. సుల్తాన్ ఖాన్ చేతిలో ఓడిన తార్తకోవర్, రూబిన్‌స్టైన్, ఫ్లోర్ ముగ్గురూ ఆ జాబితాలో ఉన్నారు. సుల్తాన్ ఖాన్ లేరు. అప్పటికి ఆయన బ్రతికే ఉన్నారు. ఆ తరువాత కూడా పదహారేండ్లు బ్రతికారు. చదరంగం వదలిపెట్టినవారికి ఇవ్వలేదని సమాధానం చెప్పడానికి వీలులేదు, ఎందుకంటే రూబిన్‌స్టైన్ కూడా 1930 దశకం మొదట్లోనే పోటీల నుండి తప్పుకొన్నవారే.

1966 ఏప్రిల్ 25న సర్గోధాలో క్షయవ్యాధితో సుల్తాన్ ఖాన్ కన్నుమూశారు. లండను చలిలో ఆయనను వేధించిన దగ్గూ జలుబూ ఎరిగినవారికి ఆ వ్యాధి పేరు వినగానే మనస్సు కలుక్కుమంటుంది. రాతి ధూళి పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్న గనికార్మికుల కుటుంబాలవారికి ఆ బాధ వివరించి చెప్పనక్కరలేదు.

2024 ఫిబ్రవరిలో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అధ్యక్షులు ఆర్కాడీ డ్వోర్కోవిచ్ పాకిస్తాను వెళ్ళి, సుల్తాన్ ఖాన్‌కు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదును మరణానంతరం ప్రకటించి, ఆ పత్రాన్ని అప్పటి ఆపద్ధర్మ ప్రధానమంత్రి అన్వరుల్ హక్ కాకర్ చేతికి అందజేశారు. అప్పటికి ఆయన చనిపోయి 58 ఏండ్లు కావస్తున్నది.