సాంటియాగో రమోన్ ఇ కహాల్

సాంటియాగో రమోన్ ఇ కహాల్ (మే 1, 1852 - అక్టోబరు 17, 1934) స్పెయిన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ వైద్య శాస్త్రజ్ఞుడు. మెదడు విడివిడి నాడీకణాలతో నిర్మితమైనదని చూపి ఆధునిక నాడీశాస్త్రానికి పునాది వేశాడు. 1906లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని ఇటలీ శాస్త్రజ్ఞుడు కమిల్లో గాల్జీతో కలిసి అందుకున్నాడు. వృద్ధాప్యంలో కలిగే మార్పులను గురించి స్వానుభవంతో గ్రంథం వ్రాశాడు.

బాల్యము, విద్య

కహాల్ పెటిల్లా దె అరగాన్ అనే కుగ్రామంలో జన్మించాడు. తండ్రి హుస్టో రమోన్ వైద్యుడు. బాలుడైన కహాల్‌కు చిత్రలేఖనంపై మక్కువ. అది తండ్రికి నచ్చలేదు. అల్లరి మాన్పించడానికి కొంతకాలం క్షురకుని వద్ద, చెప్పులు కుట్టేవాని వద్ద పనికి పెట్టాడు. తరువాత శరీర నిర్మాణ శాస్త్రాన్ని తానే బోధించాడు. కహాల్ 1873లో జరగోజాలో వైద్య పట్టా పొందాడు. సైనిక వైద్యునిగా క్యూబా వెళ్ళి, మలేరియా బారిన పడి 1875లో తిరిగివచ్చాడు.

నాడీకణ సిద్ధాంతము

గాల్జీ కనుగొన్న వెండి లవణపు అద్దకం పద్ధతిని కహాల్ 1887లో మాడ్రిడ్‌లో చూశాడు. ఈ పద్ధతిలో కొద్ది కణాలు మాత్రమే నల్లగా రంగు పట్టి, వాటి శాఖలు స్పష్టంగా కనిపిస్తాయి. నాడీ తంతువులన్నీ ఒకే వలగా అల్లుకొని ఉంటాయని గాల్జీ నమ్మాడు. అదే పద్ధతిని మెరుగుపరచి వాడిన కహాల్, ఒక కణపు కొస మరొక కణాన్ని సమీపిస్తుందే గాని అందులో కలిసిపోదని 1888 నుండి ప్రకటిస్తూ వచ్చాడు. చిన్ననాడు తండ్రి వద్దన్న చిత్రలేఖనమే ఈ పరిశోధనకు అక్కరకు వచ్చింది. 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఆయన వాదాన్ని ధ్రువపరచింది.

మెదడుకు వ్యాయామము

పెద్దవారిలో కొత్త నాడీకణాలు పుట్టవని కహాల్ అభిప్రాయం. మరి వయసు మళ్ళినవారు నేర్చుకొనడం ఎలా సాధ్యం? కణాల సంఖ్య పెరగకపోయినా, అభ్యాసం వలన వాటి శాఖలు, పరస్పర సంబంధాలు వృద్ధి చెందుతాయని 1894లో లండన్ రాయల్ సొసైటీ ఉపన్యాసంలో ప్రతిపాదించాడు. 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో జంతువులపై జరిగిన ప్రయోగాలు దీనిని బలపరచాయి. కొత్త కణాలు పుట్టవన్న అభిప్రాయం మాత్రం సవరణకు గురైంది. ఎదిగిన ఎలుకల మెదడులో కొన్ని భాగాలలో అవి పుడుతున్నట్లు తేలింది. మానవుల విషయంలో చర్చ ముగియలేదు.

చివరి సంవత్సరాలు

కహాల్ 1922లో 70 ఏళ్ళ వయసులో ఆచార్య పదవి నుండి విరమించాడు. 1930లో భార్య సిల్వేరియా మరణించింది. రక్తనాళాలు గట్టిపడే వ్యాధి తనను బాధిస్తున్నా రచన మానలేదు. నాడీకణ సిద్ధాంతాన్ని సమర్థిస్తూ 1933లో మరొక గ్రంథం ప్రచురించాడు. ఎనభై ఏళ్ళ వయసులో లోకం తనకు ఎలా కనిపించిందో తెలిపే పుస్తకం 1934లో వెలువడింది. చూపు, వినికిడి, జ్ఞాపకశక్తి తగ్గే తీరును, ముదిమికి ఊరటనిచ్చే పఠనాది వ్యాపకాలను అందులో వివరించాడు. అదే సంవత్సరం మాడ్రిడ్‌లో మరణించాడు.