ఐదేళ్ల సాధన.. తరతరాల సంపద
చిత్రకళా తపస్వి దామెర్ల రామారావు

* ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే అస్తమయం
* మిత్రులతో కలిసి చిత్రకళాశాలకు ప్రాణప్రతిష్ఠ
* భార్యకు, సోదరికి సైతం కుంచె పట్టడం నేర్పిన ఘనత

రాజమహేంద్రవరం: గోదావరి తీరాన పుట్టి, దేశం గర్వించదగిన చిత్రకారునిగా ఎదిగి, పూర్తిగా వికసించకముందే రాలిపోయిన కళాకుసుమం దామెర్ల రామారావు. ముంబయిలో చదువు ముగించుకుని వచ్చిన నాటి నుంచి కన్నుమూసే వరకు ఆయనకు దక్కినది సుమారు ఐదేళ్ల కాలం మాత్రమే. ఆ స్వల్ప వ్యవధిలోనే చిత్రాలు గీశారు, పర్యటనలు చేశారు, ప్రదర్శనల్లో పాల్గొన్నారు, ఒక కళాసంఘాన్ని, ఒక చిత్రకళాశాలను స్థాపించారు. ఒక్క మనిషికి ఇంత పని ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు ఆయన జీవితమే సమాధానం. కాలాన్ని వృథా చేయకపోవడం ఒక కారణమైతే, కళను తన ఒక్కడి సొత్తుగా భావించకపోవడం అంతకు మించిన కారణం.

కూల్డ్రే కంట పడిన ప్రతిభ

రామారావు 1897 మార్చిలో రాజమండ్రిలో జన్మించారు. చిన్ననాటి నుంచే బొమ్మలు గీయడంపై మక్కువ పెంచుకున్నారు. ఆ రోజుల్లో స్థానిక ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. ఆంగ్లేయుడైన ఆయన స్వయంగా చిత్రకారుడు, రచయిత. గోదావరి అందాలకు ముగ్ధుడై నీటి రంగులతో ఎన్నో దృశ్యాలను చిత్రించారు. ప్రతిభ గల విద్యార్థులను చేరదీసి, తరగతి గదికి వెలుపల కూడా వారికి మార్గదర్శనం చేసేవారు. అనంతర కాలంలో నవలాకారునిగా, చిత్రకారునిగా పేరొందిన అడివి బాపిరాజు సైతం ఆయన శిష్యుడే.

రామారావులోని ప్రతిభను గుర్తించిన కూల్డ్రే, ఆ యువకుడు శాస్త్రీయమైన శిక్షణ పొందాలని ఆకాంక్షించారు. ఆయన ప్రోత్సాహంతో 1916లో రామారావు ముంబయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. అప్పట్లో ఆ సంస్థకు సెసిల్ బర్న్స్ ప్రిన్సిపాల్. పాశ్చాత్య పద్ధతిలో శరీర నిర్మాణాన్ని, వెలుగునీడలను, తైలవర్ణ చిత్రణను అక్కడ క్షుణ్ణంగా అభ్యసించి, 1920లో అత్యుత్తమ విద్యార్థిగా బయటకు వచ్చారు.

సొంత ఊరికే మొగ్గు

ముంబయి చదువు పూర్తయిన చిత్రకారునికి ఆ రోజుల్లో జీవనోపాధికి కొదవ లేదు. సంస్థానాధీశులు, దివానులు, సంపన్న వర్తకులు తమ రూపచిత్రాలను గీయించుకునేవారు. నగరంలో ఉంటే పేరు, ధనం రెండూ లభించేవి. రామారావు మాత్రం రాజమండ్రికి తిరిగివచ్చారు. అప్పటికే, 1919లో, గురువు కూల్డ్రే ఉద్యోగం విరమించి స్వదేశానికి వెళ్లిపోయారు. చిత్రకళను ఆదరించే సంస్థ గాని, నేర్పే పాఠశాల గాని పట్టణంలో లేని పరిస్థితి. ఆ లోటును తీర్చే బాధ్యతను ఇరవై మూడేళ్ల యువకుడు తన భుజాలకెత్తుకున్నారు.

ఇక్కడే ఆయనకు అసలైన పరీక్ష ఎదురైంది. చిత్రకారునికి ఏకాంతం కావాలి. సంస్థ నడిపేవారికి పదిమంది కావాలి. రెండింటికీ వెచ్చించవలసినది ఒకే కాలం. బోధనకు కూర్చుంటే చిత్రం ఆగుతుంది, చిత్రంలో మునిగితే శిష్యులు ఎదురుచూస్తారు. ఈ రెంటిలో దేనినీ ఆయన విడిచిపెట్టలేదు.

ప్రయాణమూ సాధనే

రామారావు పనితీరులో స్కెచ్ పుస్తకానిది ప్రధాన స్థానం. వెళ్లిన ప్రతిచోటా మనుషుల నిలుపును, నడకను, వేషధారణను, చెట్టును, కొండను, నదిని పెన్సిల్ గీతల్లో బంధించేవారు. గుజరాత్‌లోని కథియవాడ్ ప్రాంతంలో పర్యటించినా, అజంతా శిల్పచిత్ర సంపదను దర్శించినా, పాపికొండల నడుమ గోదావరిని చూసినా ఆ వేళ్లకు విశ్రాంతి ఉండేది కాదు. పెద్ద చిత్రానికి కూర్చునే వేళకు కావలసిన ముడిసరుకు ఆ పుస్తకాల్లో సిద్ధంగా ఉండేది. చిత్రకారునికి దారిలో గడిచే కాలం కూడా పనికాలమేనని ఆ స్కెచ్‌లు చాటుతాయి.

ఆయన అనుసరించిన శైలి సైతం ప్రత్యేకమైనది. నాడు దేశమంతటా వంగ చిత్రకళా సంప్రదాయం ప్రభావం చూపుతోంది. రంగు పూసిన కాగితాన్ని నీటిలో తడిపి, ఆరబెట్టి, మళ్లీ రంగు పూయడం ఆ పద్ధతిలోని విశేషం. తద్వారా చిత్రమంతా పొగమంచు కమ్మినట్లు మృదువుగా కనిపిస్తుంది. కోస్తాలో బందరు జాతీయ కళాశాల ఆ సంప్రదాయానికి నెలవుగా ఉండేది. ప్రమోద్ కుమార్ చటర్జీ అక్కడ ఆచార్యులుగా పనిచేశారు. రామారావు ఆ సంప్రదాయాన్ని గౌరవిస్తూనే వేరే దారిలో నడిచారు. స్పష్టమైన రేఖ, స్వచ్ఛమైన వర్ణం, ముంబయిలో నేర్చిన శరీర నిర్మాణ జ్ఞానం, అజంతా నుంచి గ్రహించిన లయ కలగలిసి ఆయన చిత్రాలకు తెలుగుదనాన్ని అద్దాయి. సిద్ధార్థ రాగోదయం, పుష్పాలంకారం, కృష్ణలీల, నంది పూజ, ఋష్యశృంగ బంధనం వంటి చిత్రాలు ఇందుకు నిదర్శనాలు. 1924లో లండన్ నగరంలోని వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలోనూ ఆయన చిత్రాలకు స్థానం లభించింది.

పదిమందితో కలిసి..

1922లో మిత్రుల సహకారంతో ఆంధ్ర భారతీయ చిత్రకళా సంఘానికి రామారావు అంకురార్పణ చేశారు. మరుసటి ఏడాది, 1923లో, రాజమండ్రి చిత్రకళాశాల ప్రారంభమైంది. ఈ కృషిలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు వరదా వెంకటరత్నం. వయసులో తనకంటే కాస్త పెద్దవాడైన ఈ మిత్రుడితో రామారావుది గురుశిష్య బంధం, స్నేహ బంధం కలగలిసిన అనుబంధం.

కళాశాల వాతావరణం ఇంటిలోనూ నెలకొంది. భార్య సత్యవాణికి, సోదరి బుచ్చికృష్ణమ్మకు ఆయనే చిత్రకళ నేర్పారు. స్త్రీలు చదువుకోవడమే అరుదైన ఆ రోజుల్లో ఇంటి ఆడపడుచులు రంగులు కలిపి, కుంచె పట్టి, సొంతంగా చిత్రాలు గీసే స్థాయికి చేరుకోవడం సామాన్య విషయం కాదు. నేర్పడం వల్ల తన పని కుంటుపడుతుందని ఆయన తలచలేదు. నేర్చినవారు తన పనిలో పాలుపంచుకుంటారని విశ్వసించారు.

అకాల మరణం

చిత్రకళాశాల మొదలై రెండేళ్లయినా గడిచిందో లేదో, విధి వక్రించింది. మశూచి సోకి 1925 ఫిబ్రవరి 6న రామారావు కన్నుమూశారు. మరో నెల గడిస్తే ఇరవై ఎనిమిదేళ్లు నిండేవి. చేయవలసిన చిత్రాలు, చూడవలసిన దేశాలు, తీర్చిదిద్దవలసిన శిష్యులు ఎందరో మిగిలిపోయారు. స్థాపకుడు లేని సంస్థ మూతపడటం లోకంలో సాధారణంగా జరిగేదే. రాజమండ్రి చిత్రకళాశాల విషయంలో అలా జరగలేదు.

మిత్రుని ఆశయాన్ని వెంకటరత్నం తన జీవిత లక్ష్యంగా స్వీకరించారు. 1963లో మరణించే వరకు ఆయన ఆ కళాశాల కోసం పాటుపడ్డారు. విద్యార్థులకు బోధిస్తూ, రామారావు చిత్రాలు చెల్లాచెదురు కాకుండా కాపాడుతూ, తన సొంత చిత్రకళను సైతం కొనసాగించారు. చిన్న వయసులోనే భర్తను కోల్పోయిన సత్యవాణి ఆ చిత్రాలను కంటికి రెప్పలా చూసుకున్నారు. అమ్ముకుంటే ఒక్కొక్కటి ఒక్కో చోటికి చేరిపోయేవే. ఒకేచోట నిలిచి ఉండటం వల్లనే రామారావు కళా ప్రస్థానాన్ని తొలి గీత నుంచి తుది చిత్రం వరకు చూసే భాగ్యం తర్వాతి తరాలకు కలిగింది. అనంతర కాలంలో ప్రభుత్వం ఆ సంస్థ బాధ్యతను స్వీకరించింది. దామెర్ల రామారావు స్మారక చిత్రకళా మందిరంగా అది గోదావరి గట్టున నిలిచింది. రామారావు చిత్రాలతోపాటు సత్యవాణి, బుచ్చికృష్ణమ్మ, వెంకటరత్నం వంటివారి చిత్రాలు సైతం ఆ సేకరణలో చోటు చేసుకున్నాయి.

నేటి కళాకారులకు పాఠం

2025 ఫిబ్రవరి 6 నాటికి రామారావు కన్నుమూసి వందేళ్లు నిండాయి. ఆయన బతికిన కాలానికి ఇది మూడు రెట్లకు పైబడిన కాలం. ఐదేళ్లలో ఆయన గీసిన చిత్రాలన్నీ ఒక ఎత్తు, ఆ ఐదేళ్లలో కొంత భాగాన్ని ఇతరులకు పంచి ఇవ్వడం మరో ఎత్తు. కాలమంతా తన చిత్రాలకే వెచ్చించి ఉంటే బహుశా మరికొన్ని కళాఖండాలు మిగిలేవి. వాటిని భద్రపరిచే చేతులు మాత్రం ఉండేవి కావు. మిత్రునికి, భార్యకు, సోదరికి, శిష్యులకు ఇచ్చిన గంటలే ఆయన మరణానంతరం చిత్రాలకు కాపలాగా నిలిచాయి. జిల్లాలో కుంచె పట్టే ప్రతి యువ కళాకారుడు ఒక్కసారైనా గోదావరి గట్టుకు వెళ్లి తెలుసుకోవలసిన సత్యమిది.