బోదకాలు మాత్ర వెనుక భీమవరం బిడ్డ

భీమవరం : బోదకాలు అంటే ఏమిటో గోదావరి డెల్టా పల్లెలకు వేరే చెప్పనక్కర లేదు. ఆ జబ్బుకు ఇచ్చే మాత్ర కూడా అందరూ ఎరిగినదే. అయితే ఆ మందును కనిపెట్టిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టినవాడేనన్న సంగతి చాలామందికి తెలియదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న జన్మించారు. చదువులో మొదట వెనుకబడ్డారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్వదేశీ ఉద్యమ కాలంలో ఖద్దరు ధరించినందుకు దొర ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరకు ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆయన సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే విరేచనాల వ్యాధితో మరణించారు. అప్పట్లో దానికి సరైన మందు లేదు. ఈ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపించింది. మామగారి సాయంతోను, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోను అమెరికాలోని బోస్టన్ చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. అక్కడ పొట్ట గడవడానికి ఆయన ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశారు.

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫిస్కే అనే శాస్త్రజ్ఞునితో కలిసి, రక్తంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలను కూడా వారు గుర్తించారు. ఇంత చేసినా అక్కడ స్థిరమైన పదవి లభించలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు.

అక్కడ ఆయన నాయకత్వంలో 1945లో ఫోలిక్ యాసిడ్ తయారయింది. అది స్ప్రూ రోగులకు ఉపయోగపడింది. నేడు గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలలో ఉండేది అదే. ఆయన బృందం తయారుచేసిన మరో మందును రక్త క్యాన్సర్ సోకిన పిల్లలపై 1947లో వాడగా, కొందరికి తాత్కాలికంగా గుణం కనిపించింది. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు.

బోదకాలుకు వాడే డి.ఇ.సి. మందు వెలువడింది కూడా 1947లోనే. దోమ ద్వారా వంట్లో చేరిన పురుగు పెట్టే పిల్లలు రాత్రివేళ రక్తంలో తిరుగుతాయి. రాత్రిపూట వచ్చి రక్తం తీసేది అందుకే. ఈ మందు వాటిని చంపుతుంది. అప్పుడు మనను కుట్టిన దోమ జబ్బును పొరుగువారికి మోయలేదు. కాలు ఒకసారి బాగా వాచిన తర్వాత మాత్రతో తగ్గదు. కాబట్టి వాపు లేనివారు సైతం మింగవలసిందే. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్ర జబ్బు ఉన్నవారికి మాత్రం ఇవ్వరు.

సుబ్బారావుగారు 1948 ఆగస్టు 8న 53వ ఏట గుండెపోటుతో అమెరికాలోనే కన్నుమూశారు. మళ్లీ స్వదేశం చూడలేదు. 1995లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

2004 నుంచి మన దేశంలో బోదకాలు ఉన్న జిల్లాలలో ఊరూరా ఈ మాత్రలు పంచుతూ వచ్చారు. తీసుకున్న మాత్రను గూట్లో పెట్టి మరచిపోయేవారూ ఉన్నారు. మందు వేసుకోవడానికి నాకేం జబ్బు అని అనుకోవడమే కారణం. ఆరోగ్య కార్యకర్త మాత్ర ఇచ్చినప్పుడు అన్నం తిని అక్కడే మింగడం మంచిది. మన ఊరివాడు ఊరు విడిచి చేసిన కష్టం అప్పుడే మనకు అక్కరకు వస్తుంది.