గాజును పింగాణి చేయబూనిన రేమూర్

18వ శతాబ్ది యారంభమున ఐరోపా రాజాస్థానములందు చీనా పింగాణికి గల గౌరవము ఇంతింత యనరానిది. దాని మర్మమును జర్మనీలోని మైసెన్ పట్టణమువారు 1710 నాటికి గ్రహించి కోటగోడల వెనుక దాచుకొనిరి. ఫ్రాన్సు దేశమునకు మాత్రము ఆ విద్య పట్టువడలేదు. ఆ కొఱత తీర్పబూనినవాడు రేమూర్.

రెనే ఆంత్వాన్ ఫెర్షో ద రేమూర్ 1683 ఫిబ్రవరి 28న లా రొషేల్ రేవుపట్టణమున జన్మించెను. గణితమున ప్రవీణుడై 1708లో పారిస్ విజ్ఞాన పరిషత్తున సభ్యుడయ్యెను. కందిరీగల గూటిని చూచి, కొయ్యపీచుతో కాగితము చేయవచ్చునని 1719లో సూచించెను. ఇనుమును ఉక్కుగా మార్చు విధానమును 1722లో గ్రంథముగా ప్రకటించెను. నీరు గడ్డకట్టుట 0, మరుగుట 80 అను అతని ఉష్ణమాన పద్ధతి ఐరోపాలో చిరకాలము వాడుకలో నుండెను. కీటకముల చరిత్రను 6 సంపుటములుగా వ్రాసెను.

చీనానుండి వచ్చిన మట్టి నమూనాలను పరీక్షించి, పింగాణి యనగా మంటికిని గాజునకును నడిమి స్థితి యని రేమూర్ నిశ్చయించెను. మన్ను గాజగు త్రోవలో సగమున నిలిచినది పింగాణి యైనచో, గాజును సగము వెనుకకు మరల్చినను పింగాణియే కావలెను గదా! ఈ తర్కముతో అతడు సామాన్యమైన గాజు సీసాలను ఇసుక, జిప్సముల పొడిలో పూడ్చి, మట్టి మూసలలో నుంచి, పలుదినములు ఎఱ్ఱని వేడిమికి గురిచేసెను. తెరచి చూడగా సీసాలు తెల్లనై, వెలుతురు చొరనివై యుండెను. విఱిచి చూడగా సన్నని నారలవంటి స్ఫటికములు పైపొరనుండి లోనికి సాగియుండెను. 1739లో ఈ ఫలితమును పరిషత్తునకు నివేదించెను. ఆ పదార్థమునకు రేమూర్ పింగాణి యను పేరు వచ్చెను.

కాని సీసాలు వేడిమికి వంకరలు పోయెను, బలమును చాలదయ్యెను. అణువులు వరుసదీరకమున్నే బిగిసిన పదార్థము గాజు. మరల కాచినపుడు అవి వరుసదీరి స్ఫటికములగును. అయితే రేమూర్ గాజులో స్ఫటికములు పైపొర యందే పుట్టి, పెద్దవై లోనికి పెరిగెను. గాజు నడుమ వాటిని మొలిపించు బీజములు లేవు. ఆ లోపమును తెలియు సాధనములు ఆ కాలమున లేకుండెను. రేమూర్ 1757 అక్టోబరు 17న మరణించెను. పింగాణికి తగిన తెల్లమన్ను లిమోజ్ ప్రాంతమున 1768లో దొరకగా, ఫ్రాన్సు వేఱుదారిన తన కోరిక తీర్చుకొనెను.

రేమూర్ విడిచిన చిక్కు 1953లో విడివడెను. అమెరికాలోని కార్నింగ్ సంస్థలో స్టూకీ యను రసాయనజ్ఞుని కొలిమి 600 సెంటిగ్రేడు డిగ్రీలకు మాఱుగా 900కు చేరెను. లోని గాజుపలక కరుగక తెల్లబడెను. నేలపై పడియు పగులలేదు. గాజంతట చెదరియున్న వెండి రేణువులే బీజములై సూక్ష్మస్ఫటికములను మొలిపించినవి. ద్రావణమును జెల్లుగా బిగియించి, ఆరబెట్టి, తక్కువ వేడిమిలో గాజు చేయు నేటి సోల్-జెల్ విధానమందును విచారణీయము అదియే: స్ఫటికము ఎచట, ఎప్పుడు, ఎన్నిగా మొలవవలెను? మైసెన్ వారివలె తన విద్యను దాచక, కొఱతలతోకూడ లోకము ముందుంచుటచేతనే రేమూర్ ఆ విచారణకు ఆద్యుడయ్యెను.