మూడవ సాలార్‌జంగ్

మూడవ సాలార్‌జంగ్‌గా ప్రసిద్ధి చెందిన నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ (జూన్ 13, 1889 - మార్చి 2, 1949) హైదరాబాదు సంస్థానములో ప్రముఖ జాగీర్దారు, ఏడవ నిజాము వద్ద దివానుగా పనిచేసినవాడు, కళాఖండాల సేకరణకర్త. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియములో ఉన్న వస్తువులలో అధికభాగం ఇతడు సేకరించినవే. ఆ మ్యూజియము మొదట ఇతడు నివసించిన భవనములోనే వెలసింది.

బాల్యము

యూసుఫ్ అలీఖాన్ పూణేలో జన్మించాడు. తాత మీర్ తురాబ్ అలీఖాన్ (మొదటి సాలార్‌జంగ్) 1853 నుండి 1883లో మరణించేవరకు దివానుగా సంస్థానపు పరిపాలనను చక్కదిద్దిన వ్యక్తి. తండ్రి మీర్ లాయిఖ్ అలీఖాన్ కూడా దివానుగా పనిచేశాడు. బిడ్డ పుట్టి నెల తిరగకముందే, 1889 జూలైలో తండ్రి మరణించాడు. విస్తారమైన ఆస్తికి వారసుడైన ఈ శిశువు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ సంరక్షణలో పెరిగి, నిజాం కళాశాలలో చదువుకున్నాడు.

దివాను పదవి

1912లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇతడిని దివానుగా నియమించాడు. అప్పటికి ఇతడి వయస్సు 23 సంవత్సరాలు. రెండేళ్ళు పూర్తయిన కొద్దికాలానికే, 1914లో రాజీనామా చేశాడు. తాత ముప్పై ఏళ్ళు నిర్వహించిన పదవిలో మనుమడు నిలిచిన కాలం ఇంతే. ఆ తరువాతి జీవితమంతా సేకరణకే అంకితమైంది.

సేకరణ

చార్మినారు సమీపములోని దివాన్ దేవిడీ సాలార్‌జంగుల పూర్వీకుల నివాసము. ఐనాఖానా, నిజాంబాగ్, లక్కడ్‌కోట్ అందులోని భాగాలు. నవాబు అభిరుచి తెలిసి దేశవిదేశాల వర్తకులు ఈ ఇంటికే సరుకు తెచ్చేవారు. విదేశాలలో ఇతనికి ఏజెంట్లు ఉండేవారు. పురావస్తువుల వ్యాపారుల నుండి జాబితాలు తెప్పించుకునేవాడు. ఐరోపా, మధ్యప్రాచ్య పర్యటనలలో స్వయంగా కూడా కొనుగోలు చేశాడు. పచ్చరాతి పాత్రలు, దంతపు కుర్చీలు, గడియారాలు, పింగాణీ, తివాచీలు, అరబ్బీ పారశీక వ్రాతప్రతులు ఒకే ఇంట చేరాయి. ఇంతటి వైవిధ్యములో అన్నీ ఒకే స్థాయివి కావు. అపురూపమైన వాటి పక్కనే కేవలం వేడుక వస్తువులు కూడా ఉండటం ఈ సేకరణ లక్షణము. కవులను, రచయితలను కూడా ఇతడు ఆదరించాడు.

ఇదంతా ఒక్కడి సేకరణ అని తరచుగా చెబుతుంటారు, కానీ అది పూర్తిగా నిజం కాదు. మ్యూజియములో మిక్కిలి పేరుపొందిన "ముసుగు రెబెకా" పాలరాతి శిల్పాన్ని 1876లో రోములో కొన్నది తాత. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఈ విగ్రహములో, పలుచని మేలిముసుగు కూడా రాయే అన్న సంగతి చూపరులకు వెంటనే తట్టదు.

మరణానంతరము

ఇతడు అవివాహితుడు. 1949లో మరణించేనాటికి ప్రత్యక్ష వారసులు లేకపోవడముతో, వివిధ భవనాలలో పడివున్న వేలాది వస్తువులు చెల్లాచెదరయ్యే ప్రమాదము ఏర్పడింది. హైదరాబాదు రాష్ట్ర పరిపాలకుడు ఎం.కె.వెల్లోడి కోరికపై, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ వాటిని దివాన్ దేవిడీలో ప్రదర్శనగా అమర్చాడు. 1951 డిసెంబరు 16న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియమును ప్రారంభించాడు. నిన్నటివరకు నవాబు అతిథులు మాత్రమే అడుగుపెట్టిన గదులలోకి సామాన్య జనము ప్రవేశించారు.

1958లో న్యాయస్థానము ద్వారా కుదిరిన రాజీ ప్రకారం కుటుంబ సభ్యులు ఈ సంపదను భారత ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టము ద్వారా ఇది జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ అయింది. 1968లో మూసీనది దక్షిణపు ఒడ్డున నిర్మించిన కొత్త భవనానికి మ్యూజియమును తరలించారు. దివాన్ దేవిడీలో చాలాభాగం తరువాతి కాలంలో కూల్చివేతకు గురై, ఆ ప్రాంతము బట్టల వ్యాపార కేంద్రముగా మారింది.