జలగర్భ పథికుడు

పర్వత శిఖరాలను అధిరోహించాలన్న కోరిక మానవునికి ఎంత సహజమో, నీటి అడుగున ఏమున్నదో తెలుసుకోవాలన్న జిజ్ఞాస కూడ అంతే సహజం. అయితే నీటిలో ఊపిరి నిలుపుకొనే ఉపాయం లేక ఆ జిజ్ఞాస చిరకాలం ఒడ్డునే ఆగిపోయింది. బరువైన లోహపు శిరస్త్రాణం ధరించి, పైనుండి గొట్టం ద్వారా అందే గాలిని పీలుస్తూ దిగినవారు ఆ గొట్టానికి బందీలే. ఈ బంధాన్ని తెంచినవారిలో అగ్రగణ్యుడు జాక్ ఈవ్ కూస్టో.

కూస్టో 1910 జూన్ 11న ఫ్రాన్సులోని సెంట్ ఆంద్రే ద క్యూబ్జాక్ పట్టణంలో జన్మించాడు. నౌకాదళంలో చేరి వైమానికుడు కావాలని ఆశించాడు. కాని ఘోరమైన కారు ప్రమాదంలో చేతులు విరగడంతో ఆ ఆశ అడుగంటింది. చేతులకు బలం చేకూరడానికి సముద్రంలో ఈదడం మొదలుపెట్టాడు. 1936లో టూలాన్ సమీపాన, మిత్రుడు ఫిలిప్ తాయె సలహాపై ఈతగాళ్ల కళ్లద్దాలు ధరించి తొలిసారి నీటిలోనికి చూశాడు. ఆ ఒక్క చూపు ఆయన జీవిత గమనాన్నే మార్చింది. ఆకాశం కోల్పోయినవానికి సాగరం ఆశ్రయమిచ్చింది.

1943లో ఎమిల్ గాన్యాన్ అనే ఇంజినీరుతో కలిసి ఆయన 'ఆక్వాలంగ్' అనే శ్వాస పరికరాన్ని రూపొందించాడు. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు పీడనం ఒక వాతావరణం మేర పెరుగుతుంది. వీపున కట్టిన సిలిండరులోని గాలిని, పరిసర జలపీడనానికి సమానంగా, ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే అందించడం ఈ పరికరం విశిష్టత. నేటి స్కూబా ఈతకు మూలం ఇదే.

ఈ పరికరానికి, దానిని ధరించినవారి ధైర్యానికి కఠిన పరీక్ష సముద్రంలో కాక ఒక మంచినీటి బిలంలో ఎదురైంది. దక్షిణ ఫ్రాన్సులో కొండ పాదాన ఫాంటేన్ ద వోక్లూజ్ అనే ఊట ఉంది. సున్నపురాతి పొరలను వాన నీరు యుగయుగాలుగా కరిగించగా ఏర్పడిన అగాధమిది. మన బెలూం గుహలను మలచినది కూడ ఇటువంటి జలప్రవాహమే. ఏడాదిలో చాలాకాలం ప్రశాంతంగా ఉండే ఈ మడుగు వసంతంలో హఠాత్తుగా ఉప్పొంగి సోర్గ్ నదిని నింపుతుంది. దీని రహస్యం తెలుసుకోవాలని 1946 ఆగస్టు 27న కూస్టో, ఆయన మిత్రుడు ఫ్రెడెరిక్ డ్యూమా అందులో దిగారు.

ఇద్దరూ ఒకరికొకరు తాడు కట్టుకొన్నారు. ఇనుప బరువుతో లోనికి విడిచిన మరొక తాడు వారికి మార్గదర్శి. ఒడ్డున మోరిస్ ఫార్గ్ ఆ తాటిని పట్టుకొని సంకేతాల కోసం నిరీక్షిస్తున్నాడు. సుమారు 45 మీటర్ల లోతున, చిమ్మచీకటిలో, చల్లని నీటిలో ఇద్దరికీ బుద్ధి మందగించింది. ఎందుకు వచ్చామో, ఎటు పోవాలో తోచలేదు. డ్యూమా దాదాపు స్పృహ కోల్పోయాడు. కూస్టో తాటిని గుంజి సంకేతమిచ్చినా, అది రాతి అంచులకు ఒరుసుకొని పైకి సరిగా చేరలేదు. ఫార్గ్ మరింత తాడు వదిలాడు. ప్రాణాలు దక్కవనుకొన్న తరుణంలో, ఏదో కీడు జరిగిందని శంకించి అతడు తాటిని పైకి లాగాడు. ఇద్దరూ బతికి బయటపడ్డారు.

బతికినందుకు సంతోషించి ఊరుకొని ఉంటే ఈ కథ సాహసగాథగానే మిగిలేది. వారు కారణం వెదికారు. తరువాత దిగిన మరో ఇద్దరికీ అదే అవస్థ కలిగింది. దోషం అగాధానిదేనా? సిలిండర్లలోని గాలిని పరీక్షించగా అసలు సంగతి బయటపడింది. గాలిని నింపిన యంత్రం తాను వదిలిన పొగనే తిరిగి పీల్చి సిలిండర్లలో నింపింది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోతున పీడనం పెరిగేకొద్దీ తీవ్ర విషమైంది. మృత్యువు బిలంలో పొంచి లేదు. వారే దానిని వీపున మోసుకొని పోయారు. వారిని కాపాడిన ఫార్గ్ మరుసటి ఏడాదే, 1947లో, సముద్రంలో 120 మీటర్ల లోతును చేరే ప్రయత్నంలో అసువులు బాశాడు. వోక్లూజ్ అడుగును చివరకు 1985లో ఒక యంత్రం 308 మీటర్ల వద్ద తాకింది.

అనంతరం కూస్టో 'కాలిప్సో' నౌకపై దశాబ్దాల పాటు సముద్రాలను శోధించాడు. 1956లో ఆయన చలనచిత్రం 'ది సైలెంట్ వరల్డ్' కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పొందింది. అయితే ఆ చిత్రంలోనే ఆయన బృందం పగడపు దిబ్బ వద్ద డైనమైట్ పేల్చి చేపలను చంపిన దృశ్యం ఉంది. ఈ లోపాన్ని దాచనక్కరలేదు. మార్పు చెందడంలోనే ఆయన గొప్పతనం ఉంది. 1960లో మధ్యధరా సముద్రంలో అణు వ్యర్థాలను పారవేయాలన్న యోచనను ఎదిరించి ప్రజలను కదిలించాడు. 1973లో జలసంరక్షణకై 'కూస్టో సొసైటీ'ని స్థాపించాడు. 1997 జూన్ 25న పారిస్‌లో తుదిశ్వాస విడిచాడు.

వోక్లూజ్ నేర్పిన పాఠం ఆయన జీవితమంతటికీ వర్తిస్తుంది. మన యంత్రం వదిలిన పొగ మన ఊపిరినే కాటువేసినట్లు, మనం పారవేసిన మలినం మన జలాలనే విషమయం చేస్తుంది. అజ్ఞాతంలోకి అడుగువేయడం సాహసం. ఆపద గట్టెక్కిన పిమ్మట పొరపాటు ఎక్కడ జరిగిందో నిష్పక్షపాతంగా వెదకి, తప్పు తనదైతే ఒప్పుకొని దిద్దుకోవడం వివేకం. ఈ రెండూ కలిసినప్పుడే శోధన సార్థకమవుతుంది.