కీర్తనల పురుషోత్తమ చౌదరి గారు

మన సంఘాల్లో నేటికీ పాడే కీర్తనలు అనేకం వ్రాసిన పురుషోత్తమ చౌదరి గారు బాప్తిస్మము పొందింది ఒడిశాలోని కటకంలో, 1833లో, బాప్టిస్టు మిషనరీల వద్దనే. పొరుగు రాష్ట్రాలలో స్థిరపడిన మనకు ఇది సంతోషకరమైన సంగతి.

ఆయన 1803లో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. సువార్తను అంగీకరించినందుకు అయినవారందరికీ దూరమయ్యారు. కొంతకాలానికి భార్య కూడా విశ్వాసంలోకి వచ్చారు.

దొరల రాగాలకు తెలుగు మాటలు అతికిస్తే నోరు తిరుగుతుందేమో గాని మనసు కరగదు. చౌదరి గారు ఆ దారి పట్టలేదు. భజనలు విని పెరిగిన జనానికి పల్లవి, చరణాలతో, మన రాగతాళాలలోనే క్రీస్తు సిలువను పాడి వినిపించారు. అలాగని బోధలో రాజీ పడలేదు. తాను విడిచివచ్చిన ఆచారాలను విమర్శిస్తూ పుస్తకాలు కూడా వ్రాశారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడమే మనం గమనించాలి.

1890లో ప్రభువునందు నిద్రించారు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. తెలుగు లిపి రాని మన పిల్లలకు మాటలు వేరే అక్షరాలలో వ్రాసి ఇస్తున్నాము. రాగం మాత్రం అలా వ్రాసి ఇవ్వలేము, పెద్దలు పక్కన కూర్చుని పాడించాలి.